మిక్సీ తిరిగితే మంచం కిందికి దూరుతున్న కుక్క

ప్రశ్న: మాది కాకినాడ. రెండు పడగ్గదుల ఫ్లాటు. మా లడ్డు నాటు కుక్క, మగది, మూడో ఏడు నడుస్తోంది. కళ్ళు తెరిచిన కొత్తలో వీధిలోంచి తెచ్చుకున్నాం. వంటింట్లో ఏం మోగినా పట్టించుకునేది కాదు. పోయిన దసరాకి పాత మిక్సీ తీసేసి పెద్దది కొన్నాం. అప్పట్నుంచి మొదలైంది. మిక్సీ వేస్తే చాలు, మంచం కిందికి దూరి వణుకుతుంది. ఇప్పుడైతే కొబ్బరికాయ కొట్టినా, జార్ చప్పుడైనా పరుగే. ఈమధ్య కుక్కర్ విజిల్‌కీ, వాక్యూమ్ క్లీనర్‌కీ అదే వరస. మా అత్తగారు “అంతా గారాబం, పట్టించుకోకపోతే అదే అలవాటు పడుతుంది” అంటారు. మావారు దాన్ని వంటింటి గుమ్మం దగ్గర కట్టేసి రోజూ మిక్సీ వేద్దామంటున్నారు. మొన్న ఎనిమిదేళ్ళ మా బాబు మంచం కిందినుంచి లాగబోతే చేతిమీద పన్ను గీరుకుంది. రక్తం రాలేదు. భయపడినప్పుడు దగ్గరికి తీసుకుంటే భయం ఇంకా ముదురుతుందంటారు, నిజమేనా? మందేమైనా ఉందా? (పేరు వద్దు)

సమాధానం: ముందు బాబు చెయ్యి సంగతి చూద్దాం. రక్తం రాలేదు కదా అని వదిలెయ్యకండి. పన్ను గీరుకున్న వెంటనే కుళాయి ధార కింద పెట్టి సబ్బుతో 15 నిమిషాలు కడగాలి. అప్పుడు కడిగారో లేదో మీరు రాయలేదు. కడిగినా సరే, ఇవాళే డాక్టరుకు చూపించండి. లడ్డుకి రేబిస్ టీకా ఎప్పుడు వేయించారో ఆ కార్డు వెంట తీసుకెళ్ళండి. బాబుకి టీకా వెయ్యాలా వద్దా అన్నది డాక్టరు చెప్తారు. ప్రభుత్వ ఆసుపత్రుల్లో అది ఉచితమే. ఇంటి కుక్కే కదా అన్న ధీమా ఈ ఒక్క విషయంలో పనికిరాదు.

లడ్డు మీద మాత్రం కోపం పెట్టుకోకండి. భయపడి దాక్కున్న చోటినుంచి లాగితే పారిపోవడానికి దానికి ఇంకో దారి లేదు. కొరికే ఉద్దేశమే ఉంటే గీతతో పోయేది కాదు. బాబుకి ఒక్క మాట గట్టిగా చెప్పండి: లడ్డు మంచం కింద ఉన్నంతసేపూ దాని జోలికి వెళ్ళకూడదు. చెయ్యి పెట్టకూడదు, పిలవకూడదు, టార్చి వేసి చూడకూడదు. పెద్దవాళ్ళకీ అదే వర్తిస్తుంది. ఆ మంచం కింద ఒక పాత దుప్పటి పరిచి, పక్కన నీళ్ళ గిన్నె పెట్టి, ఆ గది తలుపు ఎప్పుడూ తీసే ఉంచండి. అది వెళ్ళి దాక్కోవడాన్ని జబ్బుగా చూడకండి. ప్రస్తుతానికి దానికి తెలిసిన వైద్యం అదొక్కటే.

మీ ఉత్తరంలో నాకు అన్నిటికంటే పనికొచ్చిన మాట “పోయిన దసరాకి పెద్దది కొన్నాం” అన్నది. మిక్సీ మోటారు సంగతి కాస్త చెప్పాలి. మన సీలింగ్ ఫ్యాను నిమిషానికి మూడు నాలుగు వందల చుట్లు తిరుగుతుంది. మిక్సీ మోటారు ఖాళీగా తిరిగితే సుమారు 18,000 చుట్లు తిరుగుతుంది. అందులోంచి వచ్చే చప్పుడులో లావుపాటి గరగరతో పాటు సన్నటి కీచు కూడా ఉంటుంది. మనిషి చెవి 20,000 హెర్ట్జ్ (అంటే సెకనుకి అన్ని కంపనాలు) దగ్గర ఆగిపోతుంది. కుక్క చెవి 45,000 దాకా వెళ్తుంది. పైగా సన్నటి ధ్వనుల్లో మనకి లీలగా వినిపించేది కూడా దానికి స్పష్టంగా వినిపిస్తుంది. కాబట్టి మీరు వంటింట్లో వింటున్నదీ, లడ్డు హాల్లో వింటున్నదీ ఒకే చప్పుడు కాదు. పాత మిక్సీ చప్పుడుతో అది పెరిగింది, దాంతో రాజీపడింది. కొత్తది దాని లెక్కలో కొత్త జంతువు.

మీ ఇంట్లో ఇడ్లీ పిండి రుబ్బే గ్రైండర్ ఉంటే ఒకసారి గమనించండి. అది ముప్పావుగంట తిరిగినా చాలా కుక్కలు దాని పక్కనే పడుకుని నిద్రపోతాయి. రాయి తిరిగే ఆ చప్పుడు లావుగా, ఒకే తీరుగా సాగుతుంది. అదే కుక్క ఇన్వర్టర్ బ్యాటరీ అయిపోయేటప్పుడు వచ్చే ‘బీప్’కి లేచి కూర్చుంటుంది. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం డేవిస్ శాఖ పరిశోధకులు 2021లో ఇదే విషయం మీద ఒక అధ్యయనం ప్రచురించారు. 386 మంది కుక్కల యజమానులను అడిగి, నెట్‌లో జనం పెట్టిన వీడియోలు కూడా చూశారు. ఆగి ఆగి వచ్చే కీచు శబ్దాలు, అంటే పొగ అలారంలో బ్యాటరీ తగ్గినప్పుడు వచ్చే కూత లాంటివి, ఆగకుండా సాగే లావు శబ్దాలకంటే కుక్కలను ఎక్కువ కంగారు పెడతాయని తేల్చారు. ఇంకో సంగతి కూడా బయటపడింది. కుక్క ఎంత భయపడుతోందో యజమానులు తక్కువ అంచనా వేస్తున్నారు. వీడియోల్లో చాలామంది నవ్వుతున్నారు. మిక్సీనీ, కుక్కర్ విజిల్‌నీ మీరే పోల్చి చూసుకోండి. ఉన్నట్టుండి మొదలవడం, ఉన్నట్టుండి ఆగిపోవడం, మళ్ళీ ఎప్పుడొస్తుందో తెలియకపోవడం. విజిల్ అయితే మరీ అన్యాయం, ఆరు వచ్చేదాకా ఊపిరి బిగబట్టుకు కూర్చోవాలి.

మీ అత్తగారి మాటలో నిజం లేకపోలేదు. చిన్న చప్పుళ్ళకి కుక్కలు వాటంతటవే అలవాటు పడతాయి. ఫ్రిజ్ గుర్రుమన్నా, తలుపు కిర్రుమన్నా మొదటి రోజు చెవులు నిక్కబొడుచుకుని, నాలుగో రోజు పట్టించుకోవు. ముఖ్యంగా మూడో వారం నుంచి మూడు నెలల వయసు దాకా కూనలు ఏది విన్నా, ఏది చూసినా ఇది లోకంలో మామూలే అని రాసేసుకుంటాయి. కానీ చప్పుడు ఒక హద్దు దాటి భయం పుట్టించిందంటే లెక్క తిరగబడుతుంది. విన్నకొద్దీ అలవాటు పడడం బదులు విన్నకొద్దీ బెదురు పెరుగుతుంది. దసరాకి మిక్సీతో మొదలై జార్ చప్పుడుకీ, కొబ్బరికాయకీ, కుక్కర్‌కీ, వాక్యూమ్‌కీ పాకిందని మీరే రాశారు. ఇన్ని నెలలు రోజూ వింటూనే ఉంది కదా. అలవాటు పడేదైతే ఈపాటికి పడేది.

ఇక మీవారి ఆలోచన. దయచేసి ఆ పని చెయ్యనివ్వకండి. గుమ్మం దగ్గర కట్టేస్తే మొదటి రెండు మూడు రోజులు గింజుకుంటుంది, తర్వాత కదలకుండా పడుకుంటుంది. అది చూసి “చూశావా, అలవాటైపోయింది” అని ఆయన అంటారు. ఆ పడుకున్న కుక్కను వంగి దగ్గరగా చూడమనండి. నోరు మూసుకుని ఉండి ఉండి నాలుకతో ముక్కు నాకుతుంది. నిద్ర రాకుండానే ఆవలిస్తుంది. చెవులు తలకి అతుక్కుపోయి, కంటి కొసన తెల్లగుడ్డు నెలవంకలా కనబడుతుంది. తోక కడుపు కిందికి పోయి ఉంటుంది. ఎండ లేకపోయినా వగరుస్తుంది. చికెన్ ముక్క ముందు పెట్టినా ముట్టదు. ఎంత గింజుకున్నా లాభం లేదని తెలిసి ఊరుకున్న కుక్క అది. అలా నడిస్తే రేపు వంటింటినే కాదు, కట్టేసిన మనిషిని చూసినా బెదురుతుంది.

ఓదార్చడం గురించి అడిగారు. ఓదారిస్తే భయం ముదురుతుందన్న మాట చాలాకాలంగా చలామణీలో ఉంది. దాన్ని పక్కన పెట్టెయ్యండి. కూర్చోమంటే కూర్చున్నందుకు బిస్కెట్ ఇస్తే మళ్ళీ కూర్చుంటుంది, అది నేర్చుకున్న పని. భయం పని కాదు, బహుమతి ఇచ్చినంత మాత్రాన ఎవరూ ఎక్కువగా భయపడరు. అది మీ దగ్గరికి వచ్చి ఒదిగితే నిమరండి, నెమ్మదిగా మాట్లాడండి. రాకపోతే మీరు వెళ్ళి పట్టుకోకండి. ఒళ్ళో అదిమి పెట్టుకుని “ఏం కాదురా, ఏం కాదురా” అంటూ మీరే కంగారు పడిపోవడం మాత్రం దానికి ఏ విధంగానూ సాయం కాదు.

మరి చెయ్యాల్సిందేమిటి? మిక్సీ మోత వినిపిస్తే లడ్డుకి గుండె దడకు బదులు నోరూరేలా చెయ్యాలి. ఈ ఉపాయం నిన్నమొన్నటిది కాదు. 1924లో మేరీ కవర్ జోన్స్ అనే అమెరికన్ మనస్తత్వవేత్త, కుందేలంటే హడలిపోయే మూడేళ్ళలోపు పిల్లవాడి భయాన్ని పోగొట్టిన తీరు ప్రచురించారు. పిల్లవాడు తనకి ఇష్టమైనది తింటూ ఉండగా కుందేలును బోనులో, గదికి ఆ చివర పెట్టేవారు. వాడు తిండి మానకుండా ఉండేంత దూరంలోనే ఉంచుతూ, క్రమంగా దగ్గరికి జరిపారు. చివరికి వాడు ఒక చేత్తో తింటూ ఇంకో చేత్తో కుందేలును నిమిరాడు. కుక్కలకి ఇవాళ చేసేది కూడా ఇదే. కుందేలు బదులు మిక్సీ.

కానీ మొదలుపెట్టే ముందు ఒక షరతు. సాధన జరిగే రోజుల్లో లడ్డు చెవిన పూర్తి మోత పడకూడదు. పొద్దున చట్నీకి గుండెలదిరేలా మిక్సీ వేసి, సాయంత్రం చికెన్ ముక్కలతో సాధన చేస్తే పొద్దుటిదే గెలుస్తుంది. ఒకసారి బాగా బెదిరిన కుక్క ఒంట్లో ఆ కంగారు దిగడానికి గంటలు పడుతుంది. ఈలోపు ఇంకో చప్పుడు వస్తే రెండూ కలిసి పేరుకుంటాయి. అందుకే పొద్దున కుక్కర్‌కి వణికిన రోజున సాయంత్రం డోర్‌బెల్‌కే ఎగిరిపడుతుంది.

ఇది ఇంట్లో అందరూ ఒప్పుకుంటే తప్ప జరగదు. లడ్డును మీవారు కిందికి తిప్పడానికి తీసుకెళ్ళినప్పుడే రోజంతటికీ కావలసినవి రుబ్బేసుకోండి. అల్లంవెల్లుల్లి ముద్ద వారానికి ఒకసారి చేసి ఫ్రిజ్‌లో పెట్టుకోవచ్చు. చట్నీ ముందురోజు రాత్రి నడక టైములో రుబ్బి, పొద్దున తాలింపు పెట్టుకుంటే చాలు. ఇంట్లో రోలు ఉంటే కొన్ని వారాలు రోటి పచ్చడి తినండి, ఎవరికీ నష్టం లేదు. గారాబం అన్న అత్తగారినే ఆ పచ్చడి నూరి పెట్టమని అడగండి, బహుశా కాదనరు. ఎప్పుడైనా తప్పక వెయ్యాల్సి వస్తే లడ్డును దూరపు గదిలోకి పంపి, తలుపు వేసి, లోపల ఫ్యాను ఫుల్‌లో పెట్టి, టీవీ వెయ్యండి. మిక్సీ కింద పలచటి రబ్బరు మ్యాట్ వేస్తే గట్టు అదురు తగ్గుతుంది. తువ్వాలు మడిచి మాత్రం పెట్టకండి. చాలా మిక్సీలకి గాలి ఆడే కంతలు అడుగునే ఉంటాయి, అవి మూసుకుపోతే మోటారు వేడెక్కుతుంది.

ఇప్పుడు సాధన. దీనికి లడ్డుకి మామూలుగా దొరకని తిండి కావాలి. ఉప్పూ కారం లేకుండా ఉడికించిన చికెన్‌ను శనగగింజంత ముక్కలు చేసుకోండి. మీరు మాంసం తినకపోతే పనీర్ ముక్కలు పనికొస్తాయి, గుడ్డు అభ్యంతరం లేకపోతే ఉడికించిన గుడ్డు కూడా. ఉల్లి, వెల్లుల్లి తగిలిన కూర ముక్కలు, కిస్‌మిస్, ద్రాక్ష, చాక్లెట్ కుక్కలకి విషంతో సమానం. ఈ చికెన్ వేరే ఏ సందర్భంలోనూ పెట్టకండి. అది మిక్సీ సొమ్ము.

మోటారు జోలికి ఇప్పుడే పోవద్దు. లడ్డు భయం జార్ దగ్గరే మొదలవుతోంది కాబట్టి అక్కడినుంచే మొదలుపెట్టాలి. అది హాల్లో హాయిగా ఉన్నప్పుడు వంటింట్లో ఖాళీ జార్ తీసి గట్టు మీద మెల్లిగా పెట్టండి. పెట్టగానే రెండు మూడు ముక్కలు దాని ముందు పడాలి. జార్ లోపల పెట్టెయ్యండి, తిండి ఆగిపోతుంది. కాసేపాగి మళ్ళీ. ఐదు నిమిషాలు చాలు, రోజుకి ఒకటి రెండుసార్లు. ఇంతకు మించితే దానికీ విసుగు, మీకూ విసుగు. జార్ తియ్యగానే పరిగెత్తడం మాని మీ చేతివైపు చూసిందంటే తర్వాతి మెట్టుకి వెళ్ళొచ్చు. జార్‌ను మిక్సీ మీద బిగించిన ‘టక్’, ఆ తర్వాత ప్లగ్గు స్విచ్ చప్పుడు, ఆ తర్వాత మూత పెట్టడం. కొబ్బరికాయ మాత్రం కొన్నాళ్ళు బయట కొట్టించుకు రండి, లేదా తురిమినది కొనుక్కోండి. అన్నీ ఒకేసారి దిద్దాలనుకుంటే ఏదీ కుదరదు.

తర్వాత అసలు మోత. దీనికి ఇద్దరు కావాలి. ఒకరు లడ్డుతో వంటింటికి అన్నిటికంటే దూరంగా ఉన్న గదిలో తలుపు వేసుకుని కూర్చోవాలి. ఇంకొకరు మిక్సీ దగ్గర. మిక్సీ నాబ్‌ను కుడికి తిప్పితే ఒకటి, రెండు, మూడు ఉంటాయి. ఎడమకి తిప్పితే పట్టుకున్నంతసేపే తిరిగి, వదలగానే ఆగిపోతుంది. మీకు కావలసింది ఆ ఎడమ వైపు. ఫోన్‌లో “సరే” అనగానే ఒక్క సెకను తిప్పి వదిలెయ్యాలి. మూసిన తలుపుల వెనక నుంచి ‘జుమ్’ అని చిన్నగా వినిపిస్తుంది. అది వినిపించాక, అంటే వెంటనే, లడ్డు ముందు ముక్కలు ఒకటి తర్వాత ఒకటి రాలాలి.

ఈ వరస తిరగబడకూడదు. అందరూ బోల్తా పడేది ఇక్కడే. చికెన్ చూపించి, తినిపిస్తూ, ఆ మాటున మిక్సీ వేస్తారు. అలా నాలుగుసార్లు జరిగితే కుక్కకి చికెన్ మీదే అనుమానం పుడుతుంది, గిన్నె చూస్తేనే మంచం కిందికి పోతుంది. మోత ముందు, ముక్క తర్వాత. ముక్క చేతిలో సిద్ధంగా ఉన్నా మోత వినిపించేదాకా చెయ్యి కదలకూడదు. మోత లేనప్పుడు తిండి కూడా ఉండకూడదు. నోట్లో పని అయ్యాక ఊరికే కూర్చోండి, కబుర్లు చెప్పుకోండి. మళ్ళీ ‘జుమ్’ అంటే మళ్ళీ పండగ.

అది ముక్కను ఎలా అందుకుంటోందో చూస్తూ ఉండండి. మామూలుగా లడ్డు మీ వేళ్ళ మధ్యనుంచి పెదవులతో సుతారంగా తీసుకునే కుక్క అనుకుందాం. ఉన్నట్టుండి పళ్ళు మీ వేళ్ళకి తగిలేలా లటుక్కున లాక్కుంటోందంటే కంగారు పెరిగిందన్నమాట. తీసుకుని నమలకుండా కింద పడేస్తే ఇంకా పెరిగింది. వాసన చూసి తల తిప్పేసుకుంటే ఆ రోజుకి అయిపోయినట్టే. మర్నాడు ఇంకా దూరంగా, ఇంకా చిన్నగా మొదలుపెట్టాలి. అవసరమైతే దాన్ని కింద అపార్ట్‌మెంట్ ఆవరణలోకి తీసుకెళ్ళి, మిక్సీ దగ్గర ఉన్నవాళ్ళు కిటికీ తెరిచి తిప్పాలి. అంత దూరమైనా ఫరవాలేదు. అదే మోత వినగానే తల టక్కున మీవైపు తిప్పి, చెవులు ముందుకు వాల్చి, ‘ఏదీ?’ అన్నట్టు చూసిందా, ఇక మీరు గెలిచినట్టే. ఆ చూపు పదిలో ఎనిమిది తొమ్మిదిసార్లు వస్తుంటేనే తర్వాతి మెట్టు.

మెట్టు ఎక్కేటప్పుడు దూరం తగ్గించడమో, మోత పొడిగించడమో, ఏదో ఒకటే. ఒక సెకను ఉన్నది మూడు సెకన్లు చేసిన రోజున తలుపు తియ్యకండి. తలుపు తీసిన రోజున మళ్ళీ ఒక సెకనే. ఖాళీ జార్ చప్పుడు వేరు, వేరుశెనగ గుళ్ళు వేస్తే వచ్చే చప్పుడు వేరు, అది కూడా లెక్కలో పెట్టుకోండి. ఫోన్‌లో మిక్సీ చప్పుడు రికార్డు చేసి వినిపించొచ్చా అని చాలామంది అడుగుతారు. మొదలుపెట్టడానికి బాగానే ఉంటుంది, సౌండు ఎంత కావాలంటే అంత తగ్గించుకోవచ్చు. కాకపోతే ఫోన్ స్పీకరు లావు గరగరనీ, మరీ సన్నటి కీచునీ సరిగ్గా పలికించలేదు, నేల అదురు అసలే ఉండదు. రికార్డుకి నిక్షేపంగా తోక ఊపే కుక్క అసలు మిక్సీకి మళ్ళీ హడలిపోతే ఆశ్చర్యపోకండి.

ఎన్నాళ్ళు పడుతుందంటే వారాలు అనుకోండి, కొన్ని కుక్కలకి నెలలు. మధ్యలో పండగొచ్చి చుట్టాలు దిగి, ఎవరో తెలియక మిక్సీ మూడులో వేసేస్తారు. అప్పుడు రెండు మెట్లు కిందికి దిగి మళ్ళీ మొదలుపెడితే ఈసారి త్వరగానే ఎక్కుతుంది. మీ అబ్బాయికి కూడా ఒక పని అప్పగించొచ్చు. ముక్కలు చేత్తో అందించకుండా నేలమీద వేసినా లడ్డు తింటుంది కాబట్టి, మోత వినగానే ముక్కలు విసరడం వాడి వంతు. పక్కన పెద్దవాళ్ళు ఉండాలి. వాడు లాగినందుకు దానికి వాడిమీద మిగిలిన అనుమానం కూడా దీంతో పోతుంది.

మందు గురించి. ముందు పశువుల డాక్టరు దగ్గరికి ఒకసారి వెళ్ళండి, మందు కోసం కాదు, ఒళ్ళు చూపించడానికి. రెండేళ్ళు దేన్నీ లెక్కచెయ్యని కుక్క పెద్దయ్యాక చప్పుళ్ళకి బెదరడం మొదలుపెడితే ఒంట్లో ఎక్కడైనా నొప్పి ఉందేమో చూడాలి. ఇంగ్లాండ్‌లోని లింకన్ విశ్వవిద్యాలయం వాళ్ళు, బ్రెజిల్ పరిశోధకులతో కలిసి 2018లో ఒక పరిశీలన ప్రచురించారు. చప్పుళ్ళకి భయపడే కుక్కల్లో కీళ్ళు, కండరాల నొప్పి ఉన్నవాటికి ఆ భయం సగటున నాలుగేళ్ళు ఆలస్యంగా మొదలైందని అందులో తేలింది. మోతకి ఉలిక్కిపడినప్పుడు కండరాలు బిగుసుకుని నొప్పి కలుక్కుమంటే, నొప్పికి కారణం మోతే అని కుక్క ముడిపెట్టుకుంటుందని వాళ్ళ ఊహ. లడ్డు విషయంలో కొత్త మిక్సీయే కారణం అయ్యుండొచ్చు. అయినా మన ఊళ్ళలో పిడుదులు ఎక్కువ, వాటితో వచ్చే జ్వరం కీళ్ళను కూడా పట్టుకుంటుంది. కోస్తా ఉక్కకి చెవిలో చీము పట్టడమూ మామూలే. మంచం ఎక్కడానికి తటపటాయిస్తోందా, మెట్లు దిగేటప్పుడు ఆగుతోందా, చెవి గోక్కుంటోందా, తల విదిలిస్తోందా, ఇవన్నీ చూసి చెప్పండి. వీలైతే అది భయపడుతున్నప్పుడు దూరంనుంచి ఫోన్‌లో వీడియో తీసి తీసుకెళ్ళండి. ఆసుపత్రి బల్ల మీద నిలబెడితే ప్రతి కుక్కా వణుకుతుంది, దాన్ని బట్టి డాక్టరుకి ఏమీ తెలియదు.

భయాన్ని తగ్గించే మందులు ఉన్నాయి. తిండి ముట్టనంతగా, రోజంతా తేరుకోనంతగా భయపడే కుక్కలకి సాధనతో పాటు అవి ఇస్తేనే సాధన ఎక్కుతుంది. రాయడం డాక్టరు పని. ఒక్క సంగతి మాత్రం అడిగి తెలుసుకోండి: ఇస్తున్నది భయం తగ్గించేదా, ఊరికే మత్తుగా పడుకోబెట్టేదా అని. ఏస్‌ప్రోమజీన్ లాంటి మత్తు మందు ఒక్కటే ఇస్తే కుక్క కదలలేదు గానీ లోపలి భయం అలాగే ఉంటుంది, మోత ఇంకా గట్టిగా తోచవచ్చు కూడా. ఇంట్లో ఎవరో వాడే నిద్రమాత్రలో సగం తుంచి వెయ్యడం, మనుషుల నొప్పి మాత్రలు ఇవ్వడం అసలు వద్దు. ఇబుప్రొఫెన్ లాంటివి కుక్క కడుపునీ, మూత్రపిండాలనీ దెబ్బతీస్తాయి.

కుక్కర్ విజిల్‌ను సాధనలో ఆఖరికి పెట్టుకోండి, అది మన చేతిలో ఉండదు కాబట్టి. ఈలోపు పప్పు నానబెట్టి మామూలు గిన్నెలో ఉడికించుకోవచ్చు. లేదంటే మొదటి విజిల్ రాగానే మంట సన్నం చేసి పెడితే తర్వాత కూతలు తగ్గుతాయి.

వాక్యూమ్ క్లీనర్ సంగతి వేరు. దానికి మోతతో పాటు కదలిక కూడా ఉంది, తొండం చాపుకుని లడ్డు మీదికే వస్తుంది. దాన్ని అలవాటు చెయ్యాలంటే మోతను ఒకలా, కదలికను ఇంకోలా విడదీసుకుని చెయ్యాలి: ఆపి ఉంచిన మెషీను గది మధ్యలో పెట్టి చుట్టూ ముక్కలు చల్లడం, తర్వాత ఆపి ఉంచే అటూ ఇటూ జరపడం, మోత మాత్రం పక్కగదిలోంచి. పిల్లలు సరదాకి దాంతో కుక్కను తరమడం కూడా చూస్తుంటాం, మీ ఇంట్లో అలాంటిది ఉంటే ఇవాళే ఆపించండి. అయితే నన్నడిగితే దీనికోసం ఇంత శ్రమ అక్కర్లేదు. మిక్సీ లేకుండా మన వంట సాగదు కాబట్టి ఆ పాట్లు పడక తప్పదు. వాక్యూమ్ వారానికి ఒకసారి వాడతారేమో, ఆ అరగంటా లడ్డును ఎవరో ఒకరు బయట తిప్పుకొస్తే సరిపోతుంది. తిప్పేవాళ్ళు లేని వారం చీపురుతో ఊడ్చుకోండి.